మందారంలో తెల్లచుక్క

నంద్యాలకు కొత్తకాపురానికి వచ్చిన పుండరీకవల్లికి ప్రతిదీ ముచ్చటగానే ఉండేది. స్టవ్వు మీద పాలు పొంగబోయి ఆగిపోతే ముచ్చట. బేతంచెర్ల బండల నేలను తడిగుడ్డతో తుడిస్తే తన మొహం మసకగా కనిపించడం ముచ్చట. సాయంత్రం వీధిలో ఎన్ని సైకిళ్లు పోయినా మొగుడి సైకిల్ బెల్లు వేరుగా వినపడటం మరీ ముచ్చట. బి.ఏ. చదివిన పిల్ల ఇంత చిన్నవాటికి ఇంత సంబరపడుతుందా అని ఇల్లు అద్దెకిచ్చిన హన్నమ్మ నవ్వేది.

ఆ ముచ్చట్లలో ముల్లులా గుచ్చుకున్నవి బొమ్మలు.

మొగుడు కృష్ణస్వామి హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. ముందుగది నిండా అతను అట్టల మీద వేసిన బొమ్మలే. ఒక మధ్యాహ్నం వల్లి వాటి దుమ్ము దులుపుతూ వెనకవైపు చూసింది. బొమ్మ పూర్తయిందని అనిపిస్తేనే వెనక సంవత్సరం వేయడం అతని అలవాటు. ఆ లెక్కన వాటిని వరసగా గోడకు ఆనించింది. డెబ్బై ఒకటిలో మనుషులున్నారు. బిందెలు మోసే ఆడవాళ్లు, జొన్నచేలో కూలీలు. డెబ్బై మూడు వచ్చేసరికి వాళ్ల మొహాలు చెరిగిపోయాయి. డెబ్బై అయిదుకి మనుషులే పోయి రంగులూ గీతలూ మిగిలాయి. ఆ తర్వాతి బొమ్మల వెనక సంవత్సరమే లేదు. నాలుగేళ్లుగా ఒక్కటీ పూర్తి కాలేదన్నమాట. కానీ వాటన్నిటిలోనూ ఒకే గుర్తు. కాస్త వాలిన నల్లటి నెలవంక, దాని కింద ఎర్రటి చుక్క. ఒకదాంట్లో ఓ మూలన గోరంత ఉంది. ఇంకోదాంట్లో బొమ్మంతా అదే. ఇప్పుడు స్టాండు మీదున్న కొత్త బొమ్మలో, పచ్చటి పసుపు నడుమ ఒంటరిగా ఉంది.

వల్లి పుట్టింది అహోబిలంలో, గుడి కైంకర్యం చేసే రామానుజం ఇంట్లో. ఆ ఇంట్లో గుర్తు అనేది ఊరికే ఉండదు. శంఖం ఒక ఆళ్వారు, చక్రం ఇంకో ఆళ్వారు. ప్రతి గుర్తు వెనకా ఎవరో ఒకరు ఉండి తీరాలి. అయితే ఇక్కడా ఎవరో ఉన్నారు. చూసినకొద్దీ ఆ ఎవరో కనపడసాగింది. నెలవంక వాలుకొప్పు. చుక్క ఆ కొప్పు కింద జారబోతున్న మందారం.

వల్లి చెయ్యి తన జడ మీదికి పోయింది. ఆమెకు కొప్పు నిలవదు. జుట్టు పలచన.

పెరట్లో చింతపండు గింజలు తీస్తున్న హన్నమ్మ దగ్గరికి పోయి, ఏదో మాటకు అడిగినట్టే అడిగింది. "మా ఆయన పెండ్లికి ముందర గూడా ఇట్లనే బొమ్మలేస్తాండిరా అక్కా?"

"ఐవారా? ఏస్తాండె. ఆదివారమొస్తే ఆళ్లగడ్డ బస్సెక్కుతాండె. యాడికి సామీ అంటే ఒక నవ్వు నవ్వి పోతాండె."

"ఆళ్లగడ్డలో ఏముండాది?"

"మీ ఊరికి పోయే దావే గదమ్మా, నువ్వే చెప్పల్ల." హన్నమ్మ ఓరగా చూసింది. "ఏందీ, మొగం అట్ల పెట్టినావ్?"

"ఏం లేదు. పొయ్యి సెగ."

"మా పొయ్యి ఇంగా ముట్టించనే ల్యా."

ఆ సాయంత్రం నుంచి కృష్ణస్వామి కాఫీలో చక్కెర తగ్గింది. అతను గమనించకుండా తాగేసేవాడు. అది ఇంకా మంట. శనివారం అతనే అన్నాడు, "రేపు ఆళ్లగడ్డకు పోయొస్తా."

"ఎవుర్ని చూసేకి?"

"రాళ్లను."

"నంద్యాలలో రాళ్లు ల్యావా?"

"ఉండాయి. అట్లాంటివి ల్యావు."

"నేనూ వస్తా."

"ఎండగా ఉంటాది వల్లీ."

"నాకు ఎండంటే శానా ఇష్టం."

పొద్దున అతను స్నానానికి పోయినప్పుడు వల్లి బొమ్మ ముందు నిలబడింది. ఎర్రగా, నిండుగా, తనను వెక్కిరిస్తున్నట్టే ఉంది మందారం. మొత్తం చెరిపేసేంత ధైర్యం లేదు. ఊరుకునేంత ఓపికా లేదు. సన్నకుంచె తీసుకుని తెల్లరంగులో ముంచి, పువ్వు నడుమ ఒక్క చుక్క పెట్టింది. పువ్వుకు పురుగు పట్టినట్టు. కాస్త వెనక్కి జరిగి చూసి, కడుపు చల్లబడిందనుకుంది. తడిచుక్కకు తగలకుండా బొమ్మ మీద గుడ్డ కప్పి, తల దువ్వుకోవడానికి పోయింది.

ఆళ్లగడ్డలో బస్సు దిగి అతను తిన్నగా నడిచింది రోడ్డు పక్కన శిల్పులు పనిచేసే పందిరి కిందికి. ఉలి చప్పుడు, రాతిపొడి, ఆదినారాయణ అనే పెద్ద శిల్పి. వల్లి కళ్లు మాత్రం కొప్పుల కోసం వెతికాయి. అక్కడున్న ఆడమనిషి ఒకటే, ఆదినారాయణ భార్య అంకమ్మ. ఆమె తెల్లజుట్టు ముడి నిమ్మకాయంత కూడా లేదు. వల్లికి హాయి అనిపించాల్సింది. తీరా చూస్తే పోట్లాటకొచ్చి పోటీ మనిషి దొరకనట్టు ఉసూరుమంది.

"ఏం ఐవారూ, ఈసారి జంటగా వచ్చినారే," అన్నాడు ఆదినారాయణ. "అమ్మా, మీ ఆయప్ప వచ్చి చేసే పనేందో తెలుసునా? ఊరికే కూచోని చూచ్చాడు. కూలి అడగడు, ఉలి ముట్టడు."

"దేన్ని చూస్తారు?"

"ఆయమ్మను," అని అతను పక్కకు చెయ్యి చూపించాడు.

వల్లి గబుక్కున అటు తిరిగింది.

బూడిదరంగు రాతి అమ్మవారు. కిరీటం, ముక్కెర, పాదాల మీది అందెలు కూడా పూర్తయ్యాయి. కళ్లు మాత్రం లేవు. ఒకవైపు బొగ్గుతో కనుబొమ వంపు గీసి ఉంది. దాని కింద, కన్ను చెక్కవలసిన చోట, కావితో ఎర్రటి చుక్క.

కాస్త వాలిన నల్లటి నెలవంక. దాని కింద ఎర్రటి చుక్క.

కళ్లు అన్నిటికన్నా చివర తెరుస్తారని వల్లికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెరిచేటప్పుడు శిల్పి పక్కకు నిలబడతాడనీ, మొదటి చూపు మనిషి మీద పడకుండా ఎదురుగా అద్దం పెడతారనీ నాయన నోట చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ గుళ్లో పుట్టిపెరిగిన పిల్ల చూసినవన్నీ తెరిచిన కళ్లే. తెరవని కన్ను ఎలా ఉంటుందో ఇవాళే చూసింది.

తిరుగు బస్సులో, శిరివెళ్ల దాటాక అడిగింది. "మీ బొమ్మల్లో ఉండేది అదేనా?"

"ఊఁ."

"నాతో ఏమిటికి చెప్పలా?"

"నువ్వు అడగలా." అతను కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "ముందు మనుషుల్నే గీస్తాంటి. కండ్లు పెడతానే బొమ్మ చచ్చిపోతాండె. ఆ పందిట్లో చూస్తే, ఏ అమ్మవారైనా కండ్లు ల్యాకుండానే ఎదురుచూస్తాంటాది. ఇంగ మిగతావన్నీ ఒకటొకటే వదిలేస్తా వచ్చినా. అదొక్కటే మిగిలింది."

"మరి తెరిచేది ఎప్పుడు?"

"నాలుగేండ్ల నుంచి కుంచె తీసుకుంటాండా, పెట్టేస్తాండా. చెయ్యి రాలా వల్లీ. ఒకసారి తెరిస్తే మళ్లా మూయలేం గదా."

వల్లి తన గోటికి అంటుకున్న తెల్లరంగును కొంగుతో రుద్దింది. నంద్యాల దాకా రుద్దుతూనే ఉంది.

గడప దగ్గర అతనికి అడ్డంగా నిలబడింది. "లోపలికి పొయ్యే ముందర ఒక మాట. పొద్దున నేను మీ బొమ్మను ముట్టుకున్నా. ఆ గుర్తు ఎవుర్దో ఆడమనిషి కొప్పనుకున్నా. పువ్వనుకోని దాంట్లో తెల్లచుక్క పెట్టినా."

అతను ఆమెను దాటి పోయి గుడ్డ తీశాడు.

బొమ్మలోంచి కన్ను చూస్తోంది. తెల్లచుక్క కనుపాప మీది మెరుపైంది. గుర్తు గుర్తుగా లేదు. పసుపు అంతా ఇప్పుడు ఒక మొహం.

దాని మీంచి చూపు తిప్పకుండానే అతను అడిగాడు. "పెట్టేటప్పుడు ఎదురుగా ఎవురుండారు?"

"నేనే."

"అద్దం?"

"ల్యా. నేనే నిలబడిన్నా, కోపంగా."

అతను బొమ్మను పక్కల నుంచి పట్టుకుని వెనక్కి తిప్పాడు. చింపేస్తాడేమోనని వల్లి కళ్లు మూసుకుంది. పెన్సిల్ గీసుకున్న చప్పుడైంది. తెరిచి చూస్తే, అట్ట వెనక మూలన, 1979.

"కోపంగా నిలబడితే కోపమే చూసింటాది పాపం," అన్నాడు. "ఇంగ కాఫీ పెట్టు. ఈసారన్నా చక్కెరెయ్యి."

తెలుసన్నమాట. వల్లికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. అయినా వంటింట్లోకి పోతూ పోతూ, గోడకు ఆనించి ఉన్న, వెనక సంవత్సరం లేని మిగతా బొమ్మల మీద చూపు ఆగింది. అన్నిట్లోనూ మూతబడ్డ కళ్లే.

"వాటిని కూడా నేనే తెరుస్తా," అంది. "వేరే ఎవుర్నీ వాటి ముందర నిలబడనియ్యాకండి. హన్నమ్మక్కను కూడా."