మిర్చి గుడ్డ

పోయిన నెల అమ్మ భూస్థాపన రోజు సమాధుల తోటలో గిటార్ వాయించింది నేనే. చెయ్యి వణకలేదు, శ్రుతి తప్పలేదు, కంట్లో చుక్క రాలేదు. "గట్టోడు బెన్నీ" అన్నారు చర్చి సంఘం పెద్దలు. గట్టితనం కాదది. లోపల ఏమీ లేదు, అంతే.

నేను వాయించేది బ్లూస్ రాక్. ఏడుపును తీగల మీద సాగదీసే విద్య. అమ్మకది నచ్చేది కాదు. "గిటార్‌ను గట్ల ఏడిపిస్తవేందిరా? ఒక్క పాటన్న నవ్వుకుంట వాయించరాదు" అనేది. ఇప్పుడు ఆ అమ్మే పోతే నాకు ఏడుపు రాదు. బ్లూస్ గిటారిస్టునట! పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నా మొదటి ఆల్బమ్‌లో రికార్డు చెయ్యాల్సింది ఒక్క పాటే మిగిలింది. అమ్మ కోసమని ఆమె ఉండగానే మొదలుపెట్టిన పాట. మాటల్లేవు, గిటారే చెప్పాలి. కాజీపేటలో నా పాటలు రికార్డు చేసే యాదగిరి స్టూడియో అంటే వాళ్ల మేడ మీది గది, గోడలకు పాత పరుపులు. రైలొస్తే రికార్డింగ్ ఆపాలి. కాజీపేటలో రైలు రానిదెప్పుడు! పొద్దుటి నుంచి ఆపుతూ, వాయిస్తూనే ఉన్నాను.

"తప్పులేం లేవన్నా" అన్నాడు యాదగిరి, హెడ్‌ఫోన్స్ తీసి, నా మొహం చూడకుండా. "గని... వేరేటోళ్ల అమ్మకు వాయించినట్టున్నది."

కోపం వస్తే బాగుండేది. అదీ రాలేదు. వాడన్నది నిజమే. ఈ పాటలో కూడా ఏడవలేకపోతే ఇక ఎక్కడా ఏడవలేనని భయమేసింది. ఆ భయం కూడా పక్కింట్లో ఎవరిదో అన్నట్టుంది.

చప్పుడు రాకుండా ఫ్యాన్ ఆపేశాం కదా, చెమటలు కారుతున్నాయి. గిటార్ సంచిలో చెయ్యి పెడితే గుడ్డ తగిలింది. దానితోనే మొహం, కళ్లు తుడుచుకున్నాను.

కళ్లు భగ్గుమన్నాయి.

అది అమ్మ గుడ్డ. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి ఏరేటప్పుడు ముక్కుకు కట్టుకునే పాత చీర ముక్క. గిటార్‌కు దుమ్ము పట్టొద్దని తనే చుట్టి పెట్టేది. ఎంత ఉతికినా దాని ఘాటు పోలేదు. కళ్ల నుంచి నీళ్లు ధారలు కట్టాయి.

యాదగిరి లేచి వచ్చి భుజం పట్టుకున్నాడు. "ఏడ్వన్నా, మంచిగ ఏడ్వు. గుండెల పెట్టుకుంటే ఎట్ల?"

"ఏడ్పు కాదురా, మిర్చి" అన్నాను. వాడు నమ్మలేదు.

కళ్లు మూసుకుని కూర్చున్నాను. కాసేపటికి గాని తెలియలేదు, నేను ఒక మాట కోసం ఎదురుచూస్తున్నానని. చిన్నప్పుడు అమ్మ యార్డు నుంచి రాగానే పోయి ఆమె కొంగులో మొహం దూర్చేవాణ్ని. కళ్లు మండి గోల పెట్టేవాణ్ని. తన చేతులకూ మిర్చే కదా, నన్ను ముట్టుకోలేక రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అరిచేది. "నలుపకు బిడ్డా! నీళ్లు కొట్టుకో, నలుపకు!"

గదిలో ఆ మాట ఎవరూ అనలేదు. అమ్మ లేదు. సమాధుల తోటలో తెలియనిది ఇక్కడ తెలిసింది.

మండుతున్న కళ్లను రెండు చేతులతో నలుపుకున్నాను. వద్దనేవాళ్లు లేరు.

"రికార్డు పెట్టురా" అన్నాను.

"రైలొస్తాందన్నా."

"రానీ."