తెల్ల అంచు

కుండీలో మొక్క లేదు.

మట్టి ఉంది. మట్టికి ఆనించి కోసేసిన మొదళ్లు ఉన్నాయి. ఒక్కో మొదలు మీద ఒక్కో నీటిబొట్టు — అప్పుడే ఊరినట్టు, గుండ్రంగా, కదలకుండా.

ఓరియె ఆ కుండీ ముందు చతికిలబడింది.

షెడ్డు కప్పు మీది మంచు కరిగి జారుతోంది. టప్... టప్... బల్లల నిండా హోస్టాలు, ఆకుల అందం కోసం పెంచే మొక్కలు. ఆకులు చుట్టిన చాపల్లా కొన్ని, సగం విప్పుకున్నవి కొన్ని. నీలివి, నిమ్మపండు రంగువి, ముడతలు పడ్డవి.

అన్నీ ఉన్నాయి. అదొక్కటే లేదు.

తెల్ల అంచుది. ఆకు చుట్టూ పాలతో గీసినట్టు సన్నటి గీత. ఇంకా పేరైనా పెట్టలేదు. ఇవాళ దాన్ని రెండు పాయలుగా విడదీయాలి. ఒకటి తనకి, ఒకటి చియోరి గారికి.

చియోరి గారు సెందాయ్ నగరం నుంచి నిన్ననే వచ్చి ఇంట్లో దిగారు. ఏటా మంచు కరిగే వేళకి మొక్కల కోసం వస్తారు.

ఆవిడ మొక్క ఎంచుకునే తీరు చూడాలి. చేతులు వెనక్కి కట్టుకుంటారు. నీలి ఆకు మీది నీలం ఉత్త పొడి. వేలు తగిలితే చెరిగిపోతుంది. అందుకే ముట్టరు. వంగుతారు. పక్కనుంచి చూస్తారు. నేల మీద కూర్చుని, ఆకు అడుగు నుంచి వెలుగు చూస్తారు. చివరికి ఏ మూలనో, అందరూ దాటిపోయిన బక్కదాన్ని చూపిస్తారు. ఆ బక్కదే మరికొన్నాళ్లకి ఆవిడ పెరట్లో గొడుగంత అవుతుంది.

వెళ్లేముందు ప్రతిసారీ తెల్ల అంచు దగ్గర ఆగుతారు. అడగరు. ఆగుతారు... అంతే.

ఆ ఆగడం చూడలేకే, పోయినేడు ఓరియె మాటిచ్చింది. వచ్చే వసంతానికి ఇందులో ఒక పాయ మీకే అని.

ఇప్పుడు ఏం చూపించాలి?

జింకా? జింక చింపుతుంది. ఇది కత్తి.

దొంగా? దొంగ వేరుతో సహా పట్టుకుపోతాడు. ఆకులు కోసుకుని ఏం చేసుకుంటాడు?

అప్పుడు కనబడింది. కుండీ పక్కన, తడి బల్ల మీద — చిటికెడు వరి ఊక.

ఈ ఇంట్లో ఊక చేతికంటేది ఒక్కరికే. ఓరియె మామగారు, కిసబురో. ఈ షెడ్డు లేవకముందు ఇదంతా ఆయన ఉరుయి పొలం. తినే హోస్టా మొలకే ఉరుయి. పైన ఊక కప్పితే కాడ తెల్లగా, లేతగా వస్తుంది. కోసి సంతకి వేసేవాడు. ఇంటికోసం ఇప్పటికీ ఒక మడి ఉంచుకున్నాడు. పొద్దున్నే వెళ్లి, మంచుంటే కాస్త తవ్వి, దాని ఊక తీసి చూస్తాడు. ఈ ఏడు మడి మీది మంచే పోలేదు, మొలక రాలేదు.

ఓరియె లేచింది. ఇంట్లోకి పరుగెత్తింది.

చియోరి గారు ఫలహారం చేస్తున్నారు. ఎదురుగా కిసబురో. వెనిగర్, మిసో అనే సోయా ముద్ద కలిపిన ఉరుయి గిన్నె దాదాపు ఖాళీ. ఇంత లేతది ఎక్కడా తినలేదు పెద్దాయనా, నోట్లో జారిపోతోంది అంటున్నారావిడ. జారకపోతే ఈ బోసినోటితో నేనేం తింటానమ్మా అని ఆయన నవ్వుతున్నాడు.

గిన్నెలో చివరి ముక్క. ఆకుపచ్చగా... చుట్టూ తెల్లగా.

ఉడికినా చెరగలేదు, ఆ గీత.

ఓరియె చూపు ఎక్కడుందో చియోరి గారు చూశారు. తినే పుల్లలతో ఆ ముక్కని పైకెత్తారు. కిటికీ వెలుగుకి పట్టి, అడుగు నుంచి చూశారు — కుండీలో మొక్కని చూసినట్టే. మెల్లగా గిన్నెలో పెట్టేశారు. చేతులు ఒళ్లోకి తీసుకున్నారు.

"చూపు ఆనక కోశారా మామయ్యా?" అంది ఓరియె. అవునంటాడనే ఆశతోనే అడిగింది.

కిసబురో నవ్వు ఆపాడు.

"చూపుకేం కాలేదే అమ్మాయ్. తెలిసే కోశాను. అది నా పొలంలో, ఊక కింద పుట్టింది. ఆ తెల్ల అంచు చూసి కొడవలి పక్కకి తిప్పింది నేనే. నువ్వు కుండీలో పెట్టావు. రాణిలా ఉంది, నేనూ మురిసిపోయాను. కానీ వచ్చినవాళ్లంతా చూసి పోయేవాళ్లేగా. రుచి ఎలాగుంటుందని ఒక్కరూ అడగలేదు. తొలి ఉరుయి పెట్టకుండా ఈ ఇంటి నుంచి ఏ అతిథినీ పంపలేదు. మడి చూస్తే మంచు కిందే ఉంది. షెడ్డులో మిగతావన్నీ నీవి. అదొక్కటే నాది... అందుకే కోశాను. తప్పే. వేరు చావలేదు. మళ్లీ వస్తుంది. తెల్ల అంచుతో వస్తుందా, ఉత్త పచ్చగా వస్తుందా... అది నాకు తెలీదు. కోశాక కాసేపు అక్కడే నిలబడ్డాను తల్లీ. ఒక్కో మొదలు మీద ఒక్కో బొట్టు... ఊరుతూనే ఉంది."