తీసేసిన పిడి

చప్పట్ల మేస్త్రి తాళం బిగించిన ఇంట్లోకి దోమ రావాలన్నా వేలిముద్ర వేసి రావాలని ఆ పేటలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది మేస్త్రే కాబట్టి దోమల సాక్ష్యం మనం అడగకూడదు. ఒకప్పుడు గోడలు తొలిచి వైర్లు లాగిన మనిషి. ఆరు వారాలు శిక్షణ తీసుకుని, చప్పట్లు కొడితే వెలిగే దీపాలు, ఫోను నొక్కితే తెరుచుకునే తలుపులు బిగించే పనిలోకి వచ్చాడు. పేరూ వచ్చింది, గిరాకీ వచ్చింది.

"ఊళ్ళోవాళ్ళ దీపాలు చప్పట్లకే వెలుగుతాయి. మన వంటింటి దీపం మాత్రం కాళ్ళు పట్టుకున్నా వెలగదు" అని భార్య దెప్పేది.

ఒక ఉదయం అతను ఒక రెండంతస్తుల ఇంటి ముఖద్వారానికి కొత్త తాళం బిగిస్తున్నాడు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇల్లు. వంటావిడ ఆ ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో ఉంటుంది. వెనక తలుపుకు ఎప్పటినుంచో ఇనుప గొళ్ళెం, దానికో తాళం, తాళంచెవి ఇంటాయన దగ్గర.

"మేస్త్రీ, లోపలివైపు ఆ పిడి తీసెయ్" అన్నాడు ఇంటాయన. "మేం లేనప్పుడు తలుపు తీయాల్సిన పని ఎవరికీ లేదు. అంకెలు మా ఇద్దరికీ తెలిస్తే చాలు."

"లోపల పిడి ఉండాలండీ. రేపు నిప్పూ గిప్పూ అంటుకుంటే..."

"నిప్పు వంటింట్లో ఉంటుంది గానీ గుమ్మంలో ఉంటుందా? పై అంతస్తు పని కూడా నీకే ఇద్దామనుకున్నాను. కుదరదంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటా."

శిక్షణలో మొదటి రోజు మొదటి పాఠం, లోపలి మనిషి కళ్ళు మూసుకుని కూడా తలుపు తీయగలగాలని. మేస్త్రికి ఆ పాఠం గుర్తుంది. గుర్తుండీ నాలుగు స్క్రూలు విప్పి, పిడి ఊడదీసి సంచిలో పడేసి, దాని చోట ఒక రేకు బిగించాడు. ఇక లోపలి నుంచి తీయాలన్నా పక్కనున్న పలక మీద అంకెలు నొక్కాల్సిందే.

గుమ్మం ఊడుస్తున్న వంటావిడ దగ్గరికొచ్చి, "బాబూ, నేను బయటికి రావాలంటే ఏం నొక్కాలి?" అని అడిగింది.

మేస్త్రి ఇంటాయన ముఖం చూశాడు. నవ్వేశాడు. "మీకెందుకు పిన్నీ ఆ శ్రమ? ఈ తలుపు ఇప్పుడు మహారాణి. తనవాళ్ళు పిలిస్తే గానీ పలకదు."

ఇంటాయన పకపకా నవ్వాడు. ఆవిడ మాత్రం చీపురు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మేస్త్రికి ఇంకో అలవాటుంది. ప్రతి చిన్న ఫిర్యాదుకూ పరుగెత్తడం బద్ధకమై, తాను బిగించిన ప్రతి తాళానికీ ఎవరికీ చెప్పకుండా తన ఫోనును కూడా కలిపి ఉంచుకునేవాడు. అది తప్పని తెలుసు. కానీ మనిషి సంచిలో పనిముట్లకు చోటు చాలకపోయినా తప్పులకు ఎప్పుడూ చోటుంటుంది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఫోను టింగుమంది. 'లోపల తప్పు అంకె నొక్కారు.' ఆ మర్నాడూ నాలుగింటికే. ఆవిడ పలక తుడుస్తూ తగిలించి ఉంటుందిలే అనుకున్నాడు. వారం గడిచాక ఆ టింగుమనే చప్పుడు ఆపేశాడు.

నెల దాటింది. ఒక రాత్రి, ఇక ఈ మొగుణ్ణి నమ్ముకుంటే లాభం లేదని భార్యే వంటింటి దీపం బాగుచేయబోయి, స్క్రూడ్రైవరు కోసం సంచిలో చేయి పెట్టింది. పిడి చేతికొచ్చింది.

"ఇదేంటండీ? ఎవరింటిది?"

"ఒకాయన వద్దన్నాడు, తీసేశా" అని, మాట తేలిక చేయడానికి మేస్త్రి నవ్వుతూ అందుకున్నాడు. "ఆ ఇంట్లో వంటావిడ ఉందిలే, భలే మనిషి! రోజూ నాలుగింటికి అంకెల పలక తుడుస్తుంది, నా ఫోన్లో కబురు పడుతుంది."

"రోజూనా?"

"రోజూ."

"నాలుగింటికేనా?"

"గడియారం పెట్టినట్టు!"

భార్య నవ్వలేదు. పిడిని తెచ్చి అతని ముందు బల్ల మీద పెట్టింది. "తుడిచే మనిషికి గడియారమెందుకండీ? బయట ఎవరో ఎదురుచూస్తుంటేనే కదా గడియారం కావాలి?"

మేస్త్రి ఫోను తీసి లెక్కపెట్టాడు. ముప్పై మూడు రోజులు. ఒక్కోరోజు మూడేసి సార్లు. తెలియక ఊరుకున్నానని సరిపెట్టుకోబోయాడు గానీ మనసు ఒప్పుకోలేదు. 'ఏం నొక్కాలి' అని ఆవిడ అడిగిన నాడే అతనికి అంతా తెలుసు. ఒక్క వేలితో తెరుచుకునే తలుపు ముప్పై మూడు రోజులుగా అతని జేబులోనే ఉంది.

మర్నాడు నాలుగింటికి ఆ వీధికి వెళ్ళాడు. గేటు దగ్గర కత్తులు సానబట్టే ముసలాయన సైకిలుకు స్టాండు వేసి, పై కిటికీ వైపు చూస్తున్నాడు. కిటికీ ఊచల్లోంచి ఒక చేయి ఊగుతోంది.

"ఎవరండీ లోపల?" అన్నాడు మేస్త్రి.

"మా ఆవిడే బాబూ. వంట పని. సానరాయి శబ్దం విని గేటు దగ్గరికొచ్చేది, మంచినీళ్ళిచ్చి రెండు మాటలు చెప్పేది. మా కాపురమంతా ఆ రెండు మాటల్లోనే. కొత్త తలుపొచ్చాక అదీ లేదు." ముసలాయన నవ్వాడు. "ఎవరు పెట్టారో గానీ గట్టి పనివాడు. నేను ఎంత పదునెక్కించిన కత్తయినా ఆ తలుపు మీద పనికిరాదు."

ఆ మెప్పు మేస్త్రికి తిట్టుకంటే ఘాటుగా తగిలింది. గేటు తీసుకుని లోపలికి నడిచి ఫోను నొక్కాడు. తలుపు తెరుచుకుంది. మెట్లు దిగి వచ్చిన వంటావిడ గడపలోనే ఆగింది.

"నువ్వే కదా బాబూ! నేను అడిగితే నవ్వావు."

అంతే అంది. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని రేకు విప్పడం మొదలుపెట్టాడు. వెంట తెచ్చిన పిడిని సంచిలోంచి తీసి పక్కన పెట్టుకున్నాడు.

తాళం తెరుచుకున్న కబురు తన ఫోనుకు అందగానే ఇంటాయన ఫోను చేయనే చేశాడు. "తలుపెవరు తీశారు?"

"నేనేనండీ. మీకు చెప్పకుండా నా ఫోను మీ తాళానికి కలిపాను, అదొక తప్పు. పిడి తీసేశాను, అది ఇంకా పెద్ద తప్పు. పిడి బిగిస్తున్నాను. నా నంబరు కూడా ఇప్పుడే చెరిపేస్తాను."

"నీకిక ఈ పేటలో పని దొరకనివ్వను!"

"సరేనండీ. కానీ ఈ పిడి మళ్ళీ ఊడిందని తెలిస్తే నేనే పోలీసు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు చేస్తాను. తీసిందెవరో కూడా చెప్తాను."

పిడి తిరిగింది. వంటావిడ దాన్ని ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "ఈ ఇంట్లో వంట చేస్తానో మానేస్తానో సాయంత్రం వాళ్ళొచ్చాక చెప్తా. ముందు ఈయనకు మంచినీళ్ళివ్వాలి" అంటూ చెంబు పట్టుకుని గేటు వైపు నడిచింది.

పై అంతస్తు పని పోయింది. దాంతోపాటు ఇంకో నాలుగిళ్ళ పనీ పోయింది. అవి మళ్ళీ వస్తాయి. ఆ ముప్పై మూడు సాయంత్రాలు మాత్రం ఏ మీట నొక్కినా రావు. మేస్త్రి ఇప్పుడు దోమల కబుర్లు చెప్పడం లేదు. ఏ ఇంట్లో తాళం బిగించినా, ఇంటి యజమాని కంటే ముందు ఆ ఇంట్లో అందరికంటే తక్కువ జీతానికి పనిచేసే మనిషిని పిలిచి, "లోపలి నుంచి మీరొకసారి తీసి చూపించండి" అంటాడు.

అయ్యలారా, అమ్మలారా, మీ ఇళ్ళకు ఎంత తెలివైన తలుపులైనా పెట్టించుకోండి. కానీ ఒక్క మాట మరిచిపోకండి. బయటివాణ్ణి ఆపితేనే అది తాళం, లోపలి మనిషిని ఆపితే సంకెల.