డేరాలో సంతకం

తార్నాకలో మందుల దుకాణం పెట్టి పద్దెనిమిదేళ్లు. ఇంట్లో మింగే క్యాన్సర్ మాత్రకు బీమా రాదు. అదే మాత్ర ఆస్పత్రిలో పడుకుని మింగితే వస్తుంది. ఎందుకని అడిగి లాభం లేదు. రూలు ఎక్కడ వంగుతుందో చూసుకోవాలి.

రాజలింగు యూనివర్సిటీ హాస్టల్లో వంటమనిషి. భార్య ఈరమ్మకు రక్త క్యాన్సర్. రోజుకొక మాత్ర. నెల డబ్బా తొమ్మిది వేలు, అతని జీతం ఏడు. దారి నేనే చెప్పాను: నెలకొక రాత్రి ఆస్పత్రిలో చేర్చు, డబ్బాను ఆ బిల్లులో ఎక్కించమను. బీమా ఉద్యోగం తరఫుది కాబట్టి, చేర్చుకోవాలంటే యూనివర్సిటీ ఆఫీసు ఉత్తరం కావాలి. అక్కడి గుమాస్తా బిక్షపతి సంతకం పెట్టేవాడు. ఐదు నెలలు నడిచింది.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసుకు తాళం పడింది. బిక్షపతి క్యాంపస్‌లో సమ్మె డేరాలో కూర్చున్నాడు. ఆ డేరాకు వంట రాజలింగుదే.

"గోలీలు ఒడిసినయి సేటు," అన్నాడు వచ్చి.

"బిక్షపతిని అడుగు. నీ చేతి కూడే కదా తింటున్నాడు."

"సమ్మెల ఉన్నోన్ని సంతకం పెట్టుమంటే ఏమన్నట్టు? పని చెయ్యమన్నట్టే గద. నలుగుట్ల ఇజ్జత్ పోతది."

"ఈరమ్మకు ఇజ్జత్ మింగిస్తావా?"

నవ్వాడు. "నాలుగు గోలీలు ఉద్దెర ఇయ్యరాదా?"

లెక్క చూశాను. డబ్బా విప్పితే మిగతావి ఎవరు కొంటారు? "రెండు రోజుల్లో సమ్మె తేలుతుంది. అప్పుడు చేరిస్తే డబ్బా మొత్తం బీమాలోనే వస్తుంది. ఆగు," అన్నాను.

ఆ రెండు రోజులు ముప్పై నాలుగయ్యాయి. వారానికోసారి వచ్చేవాడు, నేను అదే మాట చెప్పేవాణ్ని. ఈరమ్మకు ముక్కు నుంచి రక్తం ఆగనప్పుడు గాని అతను బిక్షపతి ముందు నిలబడలేదు. నేనూ వెంట వెళ్లాను.

బిక్షపతి అన్నం పళ్లెం పక్కన పెట్టాడు. "నీ నోట్ల మన్నువొయ్య, ముందుగాల చెప్పొద్దా? సమ్మె సర్కారు మీద. నీ పెండ్లాం మీదనా?"

చెయ్యి కడుక్కుని, అక్కడే బియ్యం బస్తా మీద కాగితం పెట్టి రాసిచ్చాడు. అర నిమిషం పట్టలేదు.

ఆస్పత్రిలో చేర్చుకున్నారు. మాత్రతో అయ్యే దశ దాటిందని, ఇక నరానికెక్కించే మందేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ మందుకు బీమా ఏ అడ్డూ చెప్పలేదు. తొమ్మిది రోజుల బిల్లు చివరి రూపాయి దాకా కట్టింది.

పదో రోజు ఈరమ్మను మౌలాలి ఇంటికి చేర్చాల్సిన శవం బండికి మాత్రం బీమా రాదన్నారు. ఆ ఖర్చు నేను పెట్టుకున్నాను. రాజలింగు వద్దనలేదు.