అవ్వ చేతి చుక్క

అలియాబాద్‌లో మా అవ్వ యాదవ్వ చేతుల మీద పుట్టని పిల్లలు తక్కువ. కాన్పు కాగానే బిడ్డ వెనక వచ్చే మాయను కొత్త కుండలో పెట్టి, పసుపు చల్లి, పెరట్లో పాతేది. బాలింతకు ఆ చోటు మీదే స్నానం పోయించేది. అక్కడ తడి ఆరితే తల్లికి పాలు ఆగుతాయని ఆమె శాస్త్రం. నాది మా జామచెట్టు పక్కన పాతింది. ఆ చెట్టు రోడ్డు కింద పోయి చాలా కాలమైనా, చోటు నాకింకా గుర్తే.

అలాంటి చేతులు 1993 దసరా ముందు ఆగిపోయాయి. ఇంటికి వెల్ల వేద్దామని కుండలో సున్నం నానబెట్టారు. నాకు ఎనిమిదేళ్లు. ఊరికే కూర్చుంటే నేను దీపను ఎలా అవుతాను? పుల్ల పెట్టి కెలికాను. కుతకుత ఉడుకుతున్న ముద్ద ఎగిరి ఎడమ కంట్లో పడింది. ఎదురింటి దుర్గాబాయి నీళ్ల గోలెంలో చెంబు ముంచి పరిగెత్తుకొచ్చింది. అవ్వ ఆ చెంబును తోసేసింది.

"సున్నంల నీళ్లు వడితే ఉడుకుతది. పిల్ల కన్ను ఉడుకవెడతవా?" అని సీసాలోని ఆముదమంతా నా కంట్లో పోసింది.

"వెంటనే నీళ్లతో కడిగి ఉంటే ఇంత అయ్యేది కాదు" అన్నాడు పట్నం డాక్టరు, మామూలుగానే. అవ్వ ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా కాన్పుకు పోలేదు. నాకు తల దువ్వేది, అన్నం కలిపి పెట్టేది, నా ముఖం మీదికి మాత్రం చెయ్యి రానిచ్చేది కాదు. కన్ను పోయినదానికన్నా నాకదే ఎక్కువ బాధ. బడిలో సున్నం దీప అన్నవాళ్లను కొట్టాను గానీ అవ్వను ఏం చేయగలను?

పదేళ్లకు, చెరువులో చేపలు తగ్గి, అవి పట్టే మా బాపు జీడిమెట్ల మందుల కంపెనీలో చేరాక, అక్కడెవరో చెబితే నన్ను ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అవ్వా వెంట వచ్చింది. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. నల్లగుడ్డు అంచున మూలకణాలుంటాయట, కంటి పైపొరను ఎప్పటికప్పుడు పుట్టించేవి అవేనట. సున్నం వాటిని కాల్చేసింది. మంచి కంటి అంచు నుంచి నువ్వుగింజంత ముక్క తీసి, రెండు వారాలు పెంచి, కాలిన కంటి మీద పరుస్తారట.

అవ్వ లేచి నిలబడింది. "ఉన్న ఒక్క కన్ను గూడ కోస్తరా? ఉన్నది పాయె, ఉంచుకున్నది పాయె అయితది. వద్దు బిడ్డా, పోదాం పా."

నాకూ భయమే. ఆ కంటికేమైనా అయితే ఇక నాకు చీకటే. గుమ్మం దాకా పోయిన అవ్వ వెనక్కి తిరిగి అడిగింది. "రెండు వారాలు గది దేని మీద పెరుగుతది?"

"మాయ పొర మీదమ్మా. కడుపులో బిడ్డను చుట్టుకుని పలచటి పొర ఉంటుంది కదా, అది. కాన్పప్పుడు ఎవరో ఒక తల్లి ఇస్తుంది. శుభ్రం చేసి దాస్తాం."

"పాతిపెట్టకుండ ఇచ్చిందా?" అవ్వ మళ్లీ వచ్చి కూర్చుంది. చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. "ఎవలు గన్న తల్లో, సల్లగుండాలె. మాయ మీద పెరిగింది చెడదు. చెయ్యిండ్రి."

ఆపరేషన్‌లో మంచి కంటికి ఏమీ కాలేదు. కాలిన కంటికి మొదట వెలుగు, నెమ్మదిగా ఆకారాలు తెలిశాయి. గంటకోసారి మందు చుక్కలు వేయాలి. అది అమ్మ పని. ఒక మధ్యాహ్నం అమ్మ శామీర్‌పేట అంగడికి పోయింది. నేను సీసా తీసి అవ్వ చేతిలో పెట్టాను.

"నాతోని గాదు బిడ్డా. గీ చెయ్యి మంచిది గాదు."

"మాయ మీద తడి ఆరొద్దని నువ్వే అంటివి గదనే అవ్వా. ఇగ ఆరుతాంది."

అవ్వ పెరట్లోకి పోయి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కొచ్చింది. ఆమె ఒళ్లో తల పెట్టుకుని మంచి కన్ను మూశాను. దగ్గరికి వస్తున్న ఆ వేళ్లను కాలిన కంటితోనే చూశాను. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది కంట్లో పడింది.

"మండుతాందా?"

"లేదవ్వా. సల్లగున్నది."

పదేళ్ల తర్వాత నా ముఖం కొంగుతో తుడిచింది. తుడుస్తూనే ఏడ్చింది.

"గంటకు మల్ల యాద్ జెయ్యి బిడ్డా" అంది. "నేనే ఏస్త."