పౌను రబ్బరు, మెత్తని కర్ర

కంపు.

అరచేతి గీతల్లో, గోళ్ళ సందుల్లో, ఉంగరం కింద — మస్కీ చేప జిగురు కంపు. అడుగు బురదా, తుప్పుపట్టిన ఇనుమూ కలిసి కుళ్ళినట్టు.

ఆర్డిస్ మూడుసార్లు కడిగింది. సబ్బుతో ఒకసారి. నిమ్మచెక్కతో ఒకసారి. కాఫీ పిప్పితో ఒకసారి.

పోలేదు.

ఇన్నాళ్ళూ ఈ వాసనంటే ఆమెకు గర్వం. ముప్పై ఏళ్ళుగా ఈ ఉత్తరపు విస్కాన్సిన్ సరస్సుల మీద ఎందరికో మస్కీని చూపించిన చెయ్యి ఇది. మంచు కురిసే నవంబరులో కూడా తొడుగు విప్పి, ఒకసారి వాసన చూసుకుని, తనలో తను నవ్వుకునేది.

ఈ ఉదయం వాసన చూసుకుని ఉమ్మేసింది.

థూ.

పడవల కొట్టంలో గోడకు తొమ్మిది గాలపు కర్రలు. తొమ్మిదింటికీ తొమ్మిది స్వభావాలు.

రెండు ఇత్తడి రేకులు గిరగిరా తిరిగే కుచ్చు ఎరకి పొడవాటి కర్ర. కాస్త మెత్తనిది. దూరం విసరాలి, తిరిగి లాక్కోవాలి, చివర్లో పడవ పక్కనే నీళ్ళలో వెడల్పుగా ఎనిమిది అంకె గీయాలి. మస్కీ ఎర వెనకాలే వస్తుంది... పడవ దాకా వస్తుంది... ఆలోచిస్తుంది. తినాలో వద్దో ఆ ఎనిమిదిలోనే తేల్చుకుంటుంది.

చెక్క ఎరకి పొట్టిది, బిగువైనది. కిందికి కుదిపితే ఎర అటూ ఇటూ తూలాలి, తాగి ఇంటికెళ్ళేవాడిలా.

నీటి మీద బుడబుడమంటూ వచ్చే ఎరకి కొస మెత్తనిది. చేప ఎగిరిందని కంగారుపడి లాగేసే చేతిని ఆ కొస కాస్త ఆపుతుంది.

ఇక పౌను రబ్బరు...

పౌను బరువు, అంటే దాదాపు అరకిలో, మోచేతి పొడవు, తోక ఊపుకుంటూ వచ్చే రబ్బరు చేప. దానికి కావలసింది గునపం లాంటి కర్ర. ఎత్తితే భుజం ఏడుస్తుంది. ఏడ్చినా సరే, అదే కావాలి.

"ఎరని చూసి కర్ర తీయండి. చేతికి ఏది అందితే అది కాదు" — ఏటా వేసవిలో, ఆడవాళ్ళకు నేర్పే శనివారం నాడు, ఆమె చెప్పే మొదటి మాట ఇదే. "తప్పు కర్ర పడితే మీకేం కాదమ్మా, చేపకవుతుంది. మెత్తని కర్రతో పౌను రబ్బరు వేశారనుకోండి, పడ్డ చేపని లాగలేరు. అది పెనుగులాడి పెనుగులాడి, మీరు వదిలేశాక చస్తుంది. మీరు ఫొటో చూసుకుని మురుస్తుంటారు. అది రెల్లులో వెల్లకిలా తేలుతుంటుంది."

నోరు చూడు! ఎంత చక్కగా చెప్పేదో.

కంచే చేను మేసింది.

ఆ చేప ఏడేళ్ళుగా తెలుసు.

తోక పై అంచులో కొరికినట్టు ఒక తునక ఉండదు. దాన్ని బట్టే గుర్తు. తమ్ముడు వెర్లిన్ దానికి 'అత్తగారు' అని పేరు పెట్టాడు. వస్తుంది, ఎరని కింద నుంచి పైదాకా చూస్తుంది, ఏదో వంక పెట్టి వెళ్ళిపోతుంది.

ఆర్డిస్‌కి దాని మీద ఒకటే కోరిక. ఒక్కసారి చేతుల్లో పట్టుకోవాలి. బతికుండగా వదలాలి. అంతే. ఈ సరస్సులో మస్కీని ఎవరూ వండుకోరు. పట్టుకుంటారు, కొలుస్తారు, వదిలేస్తారు. చంపినవాడు బారుకొస్తే పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

బుధవారం పొద్దున పడవ రేవులో నీటి వేడి చూసింది. రేవు కొయ్యకి కట్టిన ఆ వేడిమాపకం మీద నాన్న గీసిన ఎర్ర గీత ఉంది. గీత దాటితే కర్రలన్నీ గోడకెక్కాలి. వేడినీళ్ళలో పెనుగులాడిన మస్కీ బతకదు.

పాదరసం గీతకు వడ్లగింజంత కింద ఉంది.

"దాటలేదుగా అక్కా," అన్నాడు వెర్లిన్.

"దాటలేదు. దాటబోతోంది. పడితే రెండు నిమిషాల్లో వలలో ఉండాలి. అర్థమైందా?"

అన్నది తనే. ఈ నోటితోనే.

పొద్దుటి నుంచీ పొడవాటి మెత్తని కర్ర. రేకుల ఎర. విసరడం... లాగడం... ఎనిమిది. విసరడం... లాగడం... ఎనిమిది. రెండుసార్లు అత్తగారు వెనకాలే వచ్చింది. ఆకుపచ్చ నీళ్ళలో పొడుగాటి నీడ. రెండుసార్లూ వంక పెట్టి వెళ్ళింది.

"రబ్బరు వెయ్యక్కా. ఆవిడకి ఇత్తడి గాజులు మొహం మొత్తాయి."

ఆర్డిస్ రేకులు విప్పింది. పౌను రబ్బరు కట్టింది.

ఆ మెత్తని కర్రకే.

గునపం కర్ర ఇంట్లో లేదు. కొట్టంలో లేదు. పడవలోనే ఉంది, ఆమె కాలి పక్కన, పట్టీ కింద. వంగాలి. పట్టీ విప్పాలి. ఆ బరువుని నొప్పెడుతున్న భుజానికెత్తాలి...

ఒక్క విసురే కదా.

అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. ఉంటే బాగుండును.

పదివేలసార్లు విసిరితే ఒక్కటి పడుతుందని, మస్కీని ఇక్కడివాళ్ళు పదివేల విసుర్ల చేప అంటారు. ఆమె పదివేలు కాదు, లక్ష సరిగ్గా విసిరి ఉంటుంది. ఒక్కటి... ఒక్క విసురే కదా.

పట్టింది.

కర్ర పిడి దాకా వంగిపోయింది, ఉడికిన తోటకూర కాడలా. ఆమె లాగితే కర్ర వంగుతోంది, చేప రావడం లేదు. రెండు నిమిషాలు. చేప అడుగుకు దిగింది. నాలుగు. పడవ కిందుగా అవతలికి పోయింది. ఏడు. వెర్లిన్ వల పట్టుకుని నిలబడ్డాడు. వాడి జోకులు ఆగిపోయాయి.

పదకొండు.

యాభై మూడు అంగుళాలు. తోకలో తునక లేదు. చేతుల్లో పట్టుకుంది. ఏడేళ్ళ కోరిక... బరువుగా, మెత్తగా, ఎదురుతిరగకుండా పడి ఉంది. అంత పెద్ద చేప అలా ఎదురుతిరగకుండా ఉంటే ఏమిటో ఆర్డిస్‌కి తెలియదా? తెలుసు. అయినా ఫొటోకి పళ్ళికిలించింది.

తోక పట్టుకుని నీళ్ళలో నిలబెట్టింది. మొప్పలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. చాలాసేపటికి అది ఆమె చెయ్యి విదిలించుకుని, మెల్లగా, చాలా మెల్లగా లోపలికి పోయింది.

"వెళ్ళింది!" అని అరిచింది ఆర్డిస్.

వెర్లిన్ అరవలేదు.

ఆ సాయంత్రం లవోన్ బారులో అందరూ బల్లలు చరిచారు. లవోన్ స్వయంగా బ్రాందీ కలిపి తెచ్చి, "ఆ చెయ్యి చూపించవే ఒకసారి!" అంది. ఆర్డిస్ చెయ్యి పైకెత్తింది. కడగని చెయ్యి. అదృష్టం అంటుకుంటుందని ఒక్కొక్కరూ వచ్చి వాసన చూసి, కళ్ళు మూసుకుని, ఆహా అన్నారు.

ఛీ.

శుక్రవారం పొద్దున వెర్లిన్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అక్కా. ఒకసారి రా."

రెల్లు సందులో తెల్లగా పొట్ట. ఈగలు. ఒక కన్ను కాకులు తినేశాయి. ఆ నోరు తెరుచుకునే ఉంది, ఇంకా ఊపిరికోసం చూస్తున్నట్టు. ఆర్డిస్ మోకాళ్ళ లోతులోకి దిగి, వెల్లకిలా ఉన్నదాన్ని చేత్తో తిప్పింది. జిగురు పొరలు పొరలుగా ఊడి అరచేతికి అంటుకుంది.

తోకలో తునక లేదు.

"ఎండలక్కా," అన్నాడు వెర్లిన్, సరస్సు వైపు చూస్తూ. "నీళ్ళు మరిగిపోతున్నాయి కదా. ఎవరడిగినా అదే చెబుదాం. రాయి కట్టి లోతులో దింపేస్తాను. నువ్వింటికెళ్ళు."

ఆమె చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే తడుముకున్నట్టు.

"కర్ర మార్చలేదురా."

"ఎవరు చూశారు?"

"నువ్వు చూశావు."

"అక్కవి. కర్రల గురించి నీకు నేనేం చెప్పను?" అన్నాడు.

తమ్ముడి మీద అసహ్యం వేసింది. ఒక్క క్షణం. తరవాత అది తిరిగి ఎక్కడికి రావాలో అక్కడికే వచ్చింది.

ఈరోజు శనివారం.

పైన్ చెట్ల కింద బల్లల మీద పద్నాలుగు మంది ఆడవాళ్ళు. ఒళ్ళో నోటు పుస్తకాలు. ఎదురుగా బల్ల మీద వరసగా తొమ్మిది కర్రలు. వెనక లవోన్, ఫొటోని తలుపంత చేయించి మోసుకొచ్చింది. అందులో ఆర్డిస్ పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. చేప నోరు తెరుచుకుని ఉంది.

చప్పట్లు.

గులాబీ టోపీ పెట్టుకున్న ఒకామె ముందు వరసలోంచి చెయ్యెత్తింది.

"ఆర్డిస్ గారూ, దాన్ని ఏ కర్రతో పట్టారండీ?"

పద్నాలుగు కలాలు ఆగాయి.

చెట్టుకి ఆనుకుని వెర్లిన్ ఉన్నాడు. వద్దన్నట్టు తల ఊపాడు, ఎవరికీ కనపడకుండా. వాడి మొహంలో బతిమాలడం ఉంది.

ఆర్డిస్ చెయ్యి గునపం కర్ర మీద పడింది. ఎంత సులువు! ఎత్తి చూపిస్తే చాలు. "ఇదిగో, దీంతో." అందరూ రాసుకుంటారు. ముప్పై ఏళ్ళ పేరు నిలుస్తుంది. ఎండలు ఎలాగూ ఉన్నాయి.

ఒక్క మాటే కదా.

ఒక్క విసురే కదా...

ఆమె కర్ర వదిలేసింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గులాబీ టోపీ ఆమె ముందు నిలబడింది. అరచెయ్యి తెరిచి ఆమె ముక్కు కిందికి చాపింది.

"చెబుతానమ్మా. ముందు ఇది వాసన చూడు."

వెనక ఎవరో గలగలా నవ్వారు. లవోన్ మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టింది. బారులో జరిగింది వినే ఉంటుంది, అదృష్టం అంటుకుంటుందనుకుని గులాబీ టోపీ ఆమె సంబరంగా ముందుకు వంగింది. కళ్ళు మూసుకుంది. గట్టిగా పీల్చింది.

నవ్వు సగంలో ఆగింది. తల వెనక్కి లాక్కోబోయింది.

ఆర్డిస్ చెయ్యి తియ్యలేదు.

అరచేతి గీతల్లో, గోళ్ళ సందుల్లో, ఉంగరం కింద...

కంపు.