వియ్యంకుల విందు రోజున విప్పిన చక్రం

ఆ శనివారం పొద్దున్నే డ్వేన్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అక్కగారింటికి వెళ్ళాడు. అక్క మీద ప్రేమతో వచ్చానని చెప్పాడు గాని, అసలు కారణం బావగారి వ్యాను.

సాయంత్రం సరస్సు ఒడ్డునున్న హోటల్లో వియ్యంకులతో తొలి విందు. కూతురు క్రిస్టాను చేసుకోబోయే కుర్రాడి అమ్మానాన్నలు మినియాపోలిస్ నుంచి వస్తున్నారు. వాళ్ళు కిటికీ పక్కన కూర్చుని ఉండగా లైల్ బావ దగ్గుతూ నడిచే ఆ వ్యాను వేసుకొచ్చి దిగితే ఎలాగన్న బెంగ డ్వేన్‌ను వారం నుంచీ తినేస్తోంది. అందుకే అక్కనీ బావనీ తన కొత్త ట్రక్కులో తనే తీసుకువెళ్ళాలని పథకం వేసుకున్నాడు.

లైల్ ఆ వ్యానులోనే పల్లెపల్లెకీ ఉత్తరాలు పంచాడు. కంకర రోడ్ల మీద మూడు లక్షల మైళ్ళు తిరిగిన బండి అది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు తలుపుల అంచుల్ని కొరికేసింది. ఎక్కడ ఏది పోయినా లైల్ ఇంటి ముందే జాకీ వేసి బాగుచేసుకునేవాడు తప్ప ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరుగడు.

డ్వేన్ వెళ్ళేసరికి లైల్ ఇంట్లో లేడు. వ్యానులో ఏదో చప్పుడు వస్తోందని, అదేమిటో వినడానికి ఊరి చుట్టూ తిప్పుతున్నాడట. డ్వేన్ తన ట్రక్కును గరాజు తలుపు దాకా తీసుకుపోయి ఆపి, లోపలికి వెళ్ళి, అక్క మార్లిస్ పెట్టిన పుల్లటి రూబార్బ్ కాడల కేకు తింటూ కాఫీ తాగాడు. రెండో కప్పు పూర్తిచేసి బయటికొచ్చి చూస్తే, ఆ సన్నటి దారిలో తన ట్రక్కు వెనకాలే వ్యాను జాకీ మీద నిలబడి ఉంది. ముందు చక్రం ఒకటి గడ్డిలో పడి ఉంది. లైల్ కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"బావా, నా బండి బయటికెలా తీయను?" అన్నాడు డ్వేన్.

"గంటలో దారిస్తాను. చక్రం బేరింగు మూలుగుతోంది. వియ్యపురాలి ముందు మూలిగితే నీకే నామర్దా."

"ఈ బండి అక్కడికి రావట్లేదు. మీరిద్దరూ నా ట్రక్కులో వస్తున్నారు."

"మీ అక్కను తీసుకెళ్ళు. నాకు కొత్త ప్లాస్టిక్ వాసన పడదు, తుమ్ములొస్తాయి."

గంట గడిచింది. ఇంకో గంటా గడిచింది. నట్టు ఊడింది, బోల్టులన్నీ ఊడాయి. బేరింగు మాత్రం తుప్పు పట్టి ఉన్నచోటే బిగుసుకుపోయింది. లైల్ నూనె పోశాడు, సుత్తితో కొట్టాడు, బతిమాలాడు, తిట్టాడు. డ్వేన్ పక్కనే నిలబడి, బావ ఆ బండికి తుప్పునే తిండిగా పెడుతున్నాడనీ, ఆ తుప్పు కాస్తా రాలిపోతే లోపల బండే మిగలదనీ, ఇన్సూరెన్సు ఆఫీసు నడిపేవాడిగా తను దానికి పాలసీ రాయాలంటే ముందు అంత్యక్రియల ఖర్చు అడుగుతాననీ వ్యాఖ్యానం చేస్తూ వచ్చాడు.

అరుగు మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న మార్లిస్ తల ఎత్తకుండానే అంది: "నోటితో కొట్టే దెబ్బలు చేత్తో కొడితే ఈపాటికి ఊడిపోయేదిరా తమ్ముడూ."

డ్వేన్‌కు రోషం వచ్చింది. బావ చేతిలోంచి పెద్ద సుత్తి లాక్కుని, చొక్కా సంగతి మరిచిపోయి, పళ్ళు బిగించి వరసగా బాదాడు. బేరింగు టంగుమని ఊడి లైల్ బూటు పక్కన పడింది. పైనుంచి రాలిన తుప్పంతా చొక్కా మీద ఎర్రటి ముగ్గేసింది. అయినా డ్వేన్ ముఖం వెలిగిపోయింది. ఆఫీసులో ఎన్ని సంతకాలు పెట్టినా ఏదీ ఇలా టంగుమనలేదు మరి.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. లైల్ కొత్త బేరింగు పెట్టె తెరిచాడు. చక్రానికి ఉన్నవి ఐదు కన్నాలు, దీనికి ఉన్నవి ఆరు బోల్టులు. ఎప్పటికైనా పనికొస్తుందని నిరుడు ఎవరో పాత సామాన్లు అమ్ముతుంటే కొన్నాడట. మూత తీసి చూడ్డం ఇదే మొదలట.

స్పేరు పార్టుల షాపు ఊరి చివర హైవే దగ్గరుంది. కాసేపట్లో మూసేస్తారు. పైగా కొన్న ప్రతిదీ రెండుసార్లు వాపసు చేసే అలవాటున్న లైల్ ఒక్కడే వెళితే, దూరం నుంచి చూసే తలుపేసుకుంటారు. డ్వేన్ కూడా వెళ్ళక తప్పదు. ఉన్న రెండు బళ్ళలో ఒకటి కదలదు, ఇంకొకటి కదలలేదు.

"గడ్డి కోసే ట్రాక్టరుంది కదా," అంది మార్లిస్. "వెనక తొట్టి తగిలిస్తే ఇద్దరూ పడతారు."

అలా, ఊళ్ళో సగం మందికి ఇన్సూరెన్సు చేసిన డ్వేన్, ఎండుటాకులు మోసే తొట్టిలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పాత బేరింగును ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని బయలుదేరాడు. నడిచేవాళ్ళకంటే కాస్త జోరుగా పోతోంది ట్రాక్టరు. చర్చి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు చేతులూపారు. డ్వేన్ తల వంచుకున్నాడు. లైల్ మాత్రం అందరినీ పేరుపేరునా పలకరించాడు.

పెట్రోలు బంకు దగ్గర తెల్లకారులో పెట్రోలు పోయించుకుంటున్న బట్టతల పెద్దమనిషి వీళ్ళను చూసి రెండడుగులు ముందుకొచ్చాడు. వీడియో కాల్లో చూసిన ముఖమే, కాబోయే వియ్యంకుడు నార్బర్ట్.

"డ్వేన్ బావగారేనా?" అన్నాడు నార్బర్ట్.

కాదనడానికి వీల్లేదు. డ్వేన్ తొట్టిలోంచి లేవబోయి, లేవలేక, ఉన్నచోటి నుంచే చెయ్యి చాచాడు. ఆ చెయ్యి నల్లగా ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. నార్బర్ట్ ఆ చేతిని వెతికి మరీ పట్టుకుని ఊపాడు. పక్కన అతని భార్య అడిలా అప్పటికే ఫొటో తీసి, కాబోయే కోడలికి పంపేసింది.

సంగతి విన్నాక నార్బర్ట్, తానెప్పుడూ బండి మూత ఎత్తి చూసిన పాపాన పోలేదని చెప్పి, తనూ చూస్తానని పట్టుబట్టాడు. షాపు మూసేలోగా సరైన బేరింగు కొన్నాక, అక్కణ్ణుంచి ఇంటి దాకా లైటు మిణుకుమిణుకుమనిపిస్తూ ట్రాక్టరు వెనకే కారు నడిపాడు. పెళ్ళింకా నాలుగు నెలలుండగానే మగపెళ్ళివారి ఊరేగింపు ఊరి నడిబొడ్డున అలా జరిగిపోయింది. మొదటి మలుపు దాకా డ్వేన్ సిగ్గుతో కుమిలిపోయాడు. రెండో మలుపులో బార్బరు షాపు గాజు తలుపులో తన రూపం చూసుకుని నవ్వాపుకోలేకపోయాడు.

మిగతా పని ముగ్గురూ చేశారు. నార్బర్ట్ టార్చి పట్టుకుని, తప్పకుండా తప్పు చోటే వెలుగు వేశాడు. లైల్ ఓపికగా ఆయన మణికట్టు పట్టుకుని తిప్పుతూ వచ్చాడు. కొత్త బేరింగు అరచేతిలో వెన్నముద్దలా వెళ్ళి కూర్చుంది. అరుగు మీద అడిలా కాఫీ తాగుతూ, డ్వేన్ చేతులు తుడుచుకోవడానికి వచ్చినప్పుడు మెల్లగా చెప్పింది.

"మీరెలాంటివాళ్ళో అని వారం రోజులు నిద్ర పట్టలేదు అన్నయ్యగారూ. ఈ కారు కూడా మాది కాదు, అద్దెది. మాది మీకు చిన్నగా కనిపిస్తుందేమోనని."

డ్వేన్ గుడ్డతో తుడిచిన చెయ్యే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

లైల్ వ్యానును వీధి చివరి దాకా తిప్పి తెచ్చాడు. మూలుగు పూర్తిగా పోయింది. ఇన్నాళ్ళూ అది కప్పిపెట్టిన కిచకిచ ఒకటి ఇప్పుడు వెనకనుంచి స్పష్టంగా వినిపిస్తోందని, వచ్చే శనివారానికి పని దొరికినంత ఆనందంగా చెప్పాడు.

చొక్కా ఇక పనికిరాలేదు. బావగారి గళ్ళచొక్కా వేసుకుంటే చేతులు మణికట్టు పైనే ఆగిపోయాయి. ఆ వేషంలోనే హోటల్లోకి వెళ్ళిన డ్వేన్‌ను చూసి, ముందే వచ్చి కూర్చున్న అతని భార్య పక్క కుర్చీ లాగింది. క్రిస్టా ఫోను చేత్తో పట్టుకుని నవ్వును మింగుతోంది.

చేపల వేపుడు రాగానే లైల్ గొంతు సవరించుకున్నాడు. ట్రాక్టరు కథ మొదలుపెడతాడని గ్రహించి డ్వేన్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బావా, నువ్వు సరిగ్గా చెప్పవు," అని, కుర్చీ ముందుకు జరుపుకుని, తనే చెప్పడం మొదలుపెట్టాడు. అతని కథలో చర్చి దగ్గర చేతులూపిన ఆడవాళ్ళు ఇద్దరి నుంచి డజను మందయ్యారు. బేరింగు ఒక్క దెబ్బకే ఊడింది. ఎవరూ సరిదిద్దలేదు.